టెర్మినల్‌లో ఫైల్ మేనేజర్: ముందుగా చూడవలసింది చెరిపే కీ
(నల్లగొండలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, ఇటు పాలమూరు వైపు కల్వకుర్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన విద్యార్థులకు ప్రత్యేకంగా నమస్కారం. టెర్మినల్‌లో, అంటే మౌస్ లేకుండా కమాండ్లు టైప్ చేసి కంప్యూటర్‌ను నడిపే తెరలో, ఫైళ్లను చూసి కదిలించడానికి వాడుకునే ఫైల్ మేనేజర్‌ను ఎలా ఎంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. ఇంత చిన్న విషయానికి గంటసేపు ప్రసంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. అయితే కంప్యూటర్ మీద పనిచేసే మనిషి ఒక రోజులో ఎన్నిసార్లు ఫైలు వెతుకుతాడో, తెరుస్తాడో, ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తాడో లెక్కపెట్టి చూస్తే, ఎడిటర్ తర్వాత చేతికి ఎక్కువగా తగిలే పనిముట్టు ఇదేనని తెలుస్తుంది.

ఈ విషయంలో నాకు తెలిసినదంతా ఒకే పని నేర్పింది. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి లోకమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో బోర్లకూ చేతిపంపులకూ చేసిన నీటి పరీక్షలను చేత్తో రాసిపెట్టిన పాత రిజిస్టర్లను స్కాన్ చేసి భద్రపరిచే పనిలో నేను కొన్నేళ్లు ఉన్నాను. మండలానికి ఒక ఫోల్డర్, అందులో ఊరికి ఒక ఫోల్డర్, ఊరి ఫోల్డర్‌లో పేజీకి ఒక బొమ్మ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రమాణం ఉంది కదా, ఆ అంకెకు ఇటువైపు ఉన్న బోరేదో అటువైపు ఉన్న బోరేదో చెప్పే ఆధారం కొన్ని ఊళ్ల విషయంలో ఆ ఒక్క పేజీయే. అలాంటి ఫైళ్లను వేల సంఖ్యలో అటూ ఇటూ కదిలించేటప్పుడు, ఏ ఫైల్ మేనేజర్ అందంగా ఉందన్న ప్రశ్న మనసులోకి రాదు. నా చెయ్యి పొరపాటు చేస్తే ఇది ఏం చేస్తుంది అన్నదే ప్రశ్న అవుతుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్, ఫోల్డర్ మార్చే సీడీ, నకలు తీసే సీపీ, తరలించే ఎంవీ, చెరిపే ఆర్‌ఎం కమాండ్లు వచ్చినవారికి ఫైల్ మేనేజర్ ఎందుకని కొందరు అడుగుతారు. పేరు ముందే తెలిసిన ఒక్క ఫైలుకు కమాండే వేగం, అందులో సందేహం లేదు. కానీ నలభై ఊళ్ల ఫోల్డర్లలో ఒక్కొక్కటీ తెరిచి, పేజీ చూసి, ఇది ఇక్కడిదా పక్క ఊరిదా అని తేల్చుకుంటూ వెళ్లవలసినప్పుడు, ప్రతి అడుగుకూ పేరు టైప్ చేయడం కన్నా కర్సర్‌ను జరుపుతూ చూసుకుంటూ పోవడం చాలా నయం. ఆ సౌకర్యం కోసం మౌస్, కిటికీలు ఉన్న డెస్క్‌టాప్‌కు పోనక్కరలేకుండా, దూరంలోని సర్వర్‌లో కూడా అదే తీరున పని జరుపుకోవడానికే ఈ ప్రోగ్రాములు పుట్టాయి.

వీటిలో పాత సంప్రదాయం రెండు పలకలది. తెర నిట్టనిలువునా రెండుగా చీలి, ఎడమవైపు ఒక ఫోల్డర్, కుడివైపు ఇంకొకటి ఉంటాయి. 1986లో జాన్ సోచా డాస్ కోసం రాసిన నార్టన్ కమాండర్ ఈ రూపానికి ప్రచారం తెచ్చింది. దాన్ని చూసి మిగెల్ డి ఇకాజా 1994లో యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం మిడ్‌నైట్ కమాండర్ మొదలుపెట్టాడు. ఆ నీలిరంగు తెర నేటికీ అలాగే ఉంది. ట్యాబ్ కొడితే పలక మారుతుంది, ఎఫ్5 నకలు తీస్తుంది, ఎఫ్6 ఫైలునే తరలిస్తుంది, ఎఫ్8 చెరుపుతుంది, ఎఫ్10తో బయటికి వస్తాం. ఏ కీ ఏం చేస్తుందో కింది వరుసలో ఎప్పుడూ రాసి ఉంటుంది కాబట్టి కొత్తవారు పుస్తకం తెరవకుండానే పని మొదలుపెట్టగలరు. కొన్ని టెర్మినళ్లు ఎఫ్10ను తమ మెనూ కోసం పట్టేసుకుంటాయి. అప్పుడు ఎస్కేప్ కొట్టి సున్నా నొక్కితే అదే పని జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ కీల కోసం ఇంకో కీ పట్టుకోవలసి వచ్చేవారికి కూడా ఎస్కేప్, ఆపై అంకె అన్నదే సులువైన దారి.

రెండో సంప్రదాయం నిలువు వరుసలది. మధ్య వరుసలో మీరున్న ఫోల్డర్, ఎడమ వరుసలో దాని పై ఫోల్డర్, కుడి వరుసలో కర్సర్ కింద ఉన్నదాని లోపలి సరుకు కనిపిస్తాయి. నెక్స్ట్‌స్టెప్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ వాడినవారికీ, మ్యాక్‌లో ఫైండర్ వాడేవారికీ ఈ రూపం పరిచయమే. పైథాన్‌లో రాసిన రేంజర్ దీన్ని టెర్మినల్‌కు బాగా అలవాటు చేసింది. దాని నుంచి స్ఫూర్తి పొంది గో భాషలో ఎల్‌ఎఫ్ వచ్చింది. 2023లో రస్ట్ భాషలో యాజీ వచ్చింది. చైనా భాషలో ఆ మాటకు బాతు అని అర్థం. ఈ మూడింటిలోనూ హెచ్, జే, కే, ఎల్ కీలే ఎడమకు, కిందికి, పైకి, కుడికి కదిలిస్తాయి. ఈ నాలుగు కీలే ఎందుకని విద్యార్థులు తరచూ అడుగుతారు. బిల్ జాయ్ వీఐ ఎడిటర్‌ను రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే ముద్రించి ఉండేవి. ఆ యంత్రం పోయినా అలవాటు మన వేళ్లలో మిగిలింది.

ఇక ఎన్ అక్షరాన్ని మూడుసార్లు పేరుగా పెట్టుకున్న ఎన్‌ఎన్‌ఎన్ ఉంది. ఒకే వరుస, సీ భాష, మామూలుగా నాలుగు మెగాబైట్లలోపే మెమరీ. వీఐఎఫ్‌ఎం రెండు పలకల రూపాన్నీ వీఐ కీలనూ కలిపి వాడుతుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. నాంపల్లి మండలంలోని మూడు ఊళ్ల స్కాన్లు, మొత్తం 212 బొమ్మలు, మిడ్‌నైట్ కమాండర్ ఎడమ పలకలో ఉన్నాయి. కుడి పలకలో పెన్‌డ్రైవ్ ఉంది. నకలు తీయాలని ఎఫ్5 నొక్కబోయి ఎఫ్6 నొక్కాను. ప్రశ్న అడిగే పెట్టె వచ్చింది. అది ప్రతిసారీ వచ్చే పెట్టెలాగే ఉండడంతో చదవకుండా ఎంటర్ కొట్టాను. గీత నిండింది, పని అయిపోయినట్టు కనిపించింది. బస్సు వేళయిందని పెన్‌డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేయకుండానే, అంటే తీసేస్తున్నానని కంప్యూటర్‌కు చెప్పకుండానే, లాగేశాను. సాయంత్రం చూస్తే పెన్‌డ్రైవ్‌లో పేర్లు సగం, లోపల సరుకు లేని ఫైళ్లు సగం. ఇటు కంప్యూటర్‌లో అసలు ఫైళ్లే లేవు.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడం అవసరం. ఒకే డిస్కులో ఫైలును తరలిస్తే పేరు మాత్రమే చోటు మారుతుంది, సరుకు కదలదు. వేరే డిస్కుకు తరలించడమంటే నకలు తీసి, ఆ తర్వాత అసలును చెరపడం. లైనక్స్ రాయవలసిన సమాచారాన్ని ముందు మెమరీలో ఉంచుకుని, వీలు చూసుకుని డిస్కుకు పంపుతుంది. ఆ గీత నిండడమంటే లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ సమాచారాన్ని అందుకున్నదని మాత్రమే అర్థం, పెన్‌డ్రైవ్‌కు చేరిందని కాదు. నేను లాగేసే సమయానికి అసలు చెరిగిపోయింది, నకలు ఇంకా చేరలేదు. రిజిస్టర్లు అప్పటికి ఇంకా మా దగ్గరే ఉండబట్టి మూడు రోజులు కూర్చుని మళ్లీ స్కాన్ చేశాను. కాగితాలు తిరిగి ఇచ్చేసిన తర్వాత ఇదే జరిగి ఉంటే ఆ మూడు ఊళ్ల లెక్క అంతటితో పోయేది.

అప్పటి నుంచి ఏ ఫైల్ మేనేజర్‌ను చూసినా మొదట చెరిపే కీ దగ్గరికే వెళ్తాను. మిడ్‌నైట్ కమాండర్ ఎఫ్8 నొక్కితే అడుగుతుంది, అవునంటే శాశ్వతంగా చెరుపుతుంది; దానికి చెత్తబుట్ట లేదు, వెనక్కు తీసుకునే కీ లేదు. రేంజర్‌లో డీ చిన్నదీ పెద్దదీ వరుసగా నొక్కితే కింద ‘డిలీట్’ అన్న కమాండు పడుతుంది, ఎంటర్ కొడితేనే అమలవుతుంది. డీ తర్వాత పెద్ద టీ నొక్కితే చెత్తబుట్టకు పంపే కమాండు వస్తుంది. ఎన్‌ఎన్‌ఎన్ మామూలుగా ఆర్‌ఎం పద్ధతిలోనే చెరుపుతుంది, అయితే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చదువుకునే అమరిక) పెడితే చెత్తబుట్టను వాడుతుంది. ఎల్‌ఎఫ్ రచయిత చెరిపే కమాండును ఇచ్చాడు గానీ దానికి ఏ కీనీ కేటాయించలేదు. కావలసినవారు తామే ఆలోచించి పెట్టుకోవాలి. ఈ నిర్ణయం నాకు చాలా నచ్చింది. యాజీలో డీ నొక్కితే చెత్తబుట్టకు పోతుంది, శాశ్వతంగా చెరపాలంటే షిఫ్ట్ కలపాలి.

వీఐఎఫ్‌ఎం ఇంకొక అడుగు ముందుకు వేసింది. డీ రెండుసార్లు నొక్కితే ఫైలు దాని సొంత చెత్తబుట్టలోకి వెళ్తుంది, యూ నొక్కితే మళ్లీ ఉన్నచోటికి వస్తుంది. చెరపడం ఒక్కటే కాదు, తరలించినా పేరు మార్చినా యూ నొక్కి వెనక్కు తీసుకోవచ్చు. ఎడిటర్‌లో తప్పు వాక్యాన్ని వెనక్కు తీసుకోవడం మనకు ఎంత సహజమో, ఫైళ్ల విషయంలో అది ఎంత అరుదో ఆలోచించండి. ఆ రోజు నా ముందు వీఐఎఫ్‌ఎం ఉన్నా పెన్‌డ్రైవ్‌ను లాగేసిన తప్పును అది సరిచేసేది కాదు. కానీ గుర్తొచ్చిన వెంటనే యూ నొక్కి ఆగే అవకాశమైనా ఉండేది.

రెండో పరీక్ష బయటికి వచ్చే చోట ఉంది. ఫైల్ మేనేజర్‌లో తిరిగి తిరిగి చండూరు ఫోల్డర్‌కు చేరుకున్నారు, అక్కడ ఒక కమాండు ఇవ్వాలని బయటికి వచ్చారు; చూస్తే షెల్, అంటే టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకునే ప్రోగ్రాము, మీరు మొదట బయలుదేరిన ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఇది లోపం కాదు. షెల్ కడుపున పుట్టిన ప్రోగ్రాము ఏ ఫోల్డర్‌కు మారినా ఆ మార్పు దాని వరకే. కన్నది ఉన్నచోటనే ఉంటుంది. అందుకే ప్రతి ఫైల్ మేనేజర్‌తోపాటు చిన్న షెల్ ఫంక్షన్ ఒకటి వాడుకోవాలి: చివరికి చేరిన ఫోల్డర్ పేరును ప్రోగ్రాము ఒక ఫైలులో రాసిపెడితే, ఫంక్షన్ దాన్ని చదివి షెల్‌ను అక్కడికి తీసుకుపోతుంది. మిడ్‌నైట్ కమాండర్, రేంజర్, ఎల్‌ఎఫ్, ఎన్‌ఎన్‌ఎన్, యాజీ, అన్నింటికీ ఈ ఏర్పాటు ఉంది, పద్ధతులే వేరు. నాలుగైదు వరుసల ఈ ఫంక్షన్ పెట్టుకోని కారణంగానే చాలామంది వారం తిరక్కుండా ఫైల్ మేనేజర్‌ను వదిలేసి మళ్లీ సీడీకి పోవడం నేను చూశాను.

పేర్లు గంపగుత్తగా మార్చే పని మన దగ్గర చాలా ఉంటుంది. స్కానర్ ఇచ్చే పేర్లన్నీ వట్టి అంకెలు; వాటిని ఊరి పేరు, రిజిస్టర్ సంఖ్య, పేజీ సంఖ్యగా మార్చాలి. రేంజర్‌లో ఫైళ్లను గుర్తుపెట్టి బల్క్‌రీనేమ్ అంటే పేర్ల జాబితా ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. మీరు మార్చి భద్రపరచగానే అది వెంటనే అమలు చేయదు. ఏ పేరు ఏ పేరుగా మారబోతున్నదో రాసిన స్క్రిప్టును మరోసారి మీ ముందు పెడుతుంది. ఆ రెండో చూపులో పట్టుకున్న తప్పులు నాకు చాలానే ఉన్నాయి. వీఐఎఫ్‌ఎం, ఎన్‌ఎన్‌ఎన్, యాజీ కూడా జాబితాను ఎడిటర్‌లో ఇస్తాయి.

ఇక తెలుగు పేర్ల సంగతి. ఇది మనం తప్ప ఎవరూ పట్టించుకోని విషయం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

‘నల్లగొండ’ అన్న మాట మన లెక్కలో నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో న, ల, విరామం (పొల్లు), ల, గ, ఒత్వం, సున్న, డ, మొత్తం ఎనిమిది సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే 24 బైట్లు. అదే ఊరి పేరును ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలకు ఎనిమిది బైట్లే. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ ఒక పేరుకు 255 బైట్లకు మించి చోటివ్వదు. ఇంగ్లీషులో రాసేవారికి అది 255 అక్షరాలు. మనకు 85 సంకేతాలు మాత్రమే, అందులోనూ గుణింతాలు, ఒత్తులు అన్నీ లెక్కలోకి వస్తాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ బైట్లను కాక పదహారు బిట్ల సంకేతాలను లెక్కిస్తుంది కాబట్టి అక్కడ తెలుగుకూ 255 దొరుకుతాయి. అందువల్ల విండోస్‌లో ‘మర్రిగూడ మండలం చేతిపంపుల నీటి పరీక్షల రిజిస్టర్’ అని మొదలుపెట్టి ఊరు, ఆవాసం, నెల, పేజీ అన్నీ పేరులోనే పెట్టుకున్న ఫైలు లైనక్స్ సర్వర్‌కు నకలు తీయబోతే, పేరు మరీ పొడవైందంటూ ఆగిపోతుంది.

అలా ఆగిపోయినప్పుడు ఫైల్ మేనేజర్ మీకు ఎలా చెబుతుందన్నదే మూడో పరీక్ష. మిడ్‌నైట్ కమాండర్ ఎర్రటి పెట్టె తెచ్చి పని మధ్యలో నిలబెట్టి, వదిలేయాలా, మళ్లీ ప్రయత్నించాలా, ఆపేయాలా అని అడుగుతుంది. దాటిపోయే వీలే లేదు. మీరు ఎంచుకోబోయేది ఏదైనా సరే, కావాలని ఒక పొడవైన తెలుగు పేరు ఉన్న ఫైలును వందలో ఒకటిగా కలిపి నకలు తీసి, ఆ ఒక్కటీ పోయిన సంగతి మీ కంటికి ఆనుతుందో లేదో చూడండి. తొంభై తొమ్మిది చేరి ఒకటి చేరకపోవడం అన్నీ చేరకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ వెతకరు.

పేరు తెరమీద ఎలా కనిపిస్తుందన్నది వేరే చిక్కు. టెర్మినల్ అంటే సమానమైన గళ్లు గీసిన కాగితం. ఇంగ్లీషు అక్షరం గడికి ఒకటి చొప్పున కూర్చుంటుంది. ‘యాదాద్రి’లోని ‘ద్రి’ ఎన్ని గళ్లు తీసుకోవాలో ప్రోగ్రాము ఒక లెక్క వేస్తుంది, ఫాంటు ఇంకో తీరుగా గీస్తుంది. చాలా టెర్మినళ్లలో వత్తు విడిపోయి పక్కన పడుతుంది, వరుస చివర ఉండే సైజు, తేదీ పక్కకు జరిగిపోతాయి. ఇది ఎక్కువగా టెర్మినల్ తప్పే తప్ప ఫైల్ మేనేజర్‌ది కాదు. అందుకే తెలుగు పేర్లు వాడే మిత్రులు ముందు రెండు మూడు టెర్మినళ్లలో ఎల్‌ఎస్ కొట్టి చూసి, పేర్లు చదవగలిగేలా చూపినదాన్ని ఎంచుకుని, ఆ తర్వాతే ఫైల్ మేనేజర్ దగ్గరికి రావాలి. మూడు వరుసల రూపంలో ఒక వరుస జరిగితే పక్క వరుస మీద పడుతుంది. ఒకే వరుస ఉన్న ఎన్‌ఎన్‌ఎన్‌లో ఆ బాధ తక్కువని నా అనుభవం. ఈ ఇబ్బంది చూసి తెలుగు పేర్లే మానేయమని నేను చెప్పను. ఊరి పేరు ఊరివాళ్లు రాసినట్టే ఉండాలి. పేరు ముందు మాత్రం రెండంకెల వరుస సంఖ్య పెట్టుకుంటే, తెర ఎలా గీసినా కర్సర్ దేని మీద ఉందో తెలుస్తుంది.

సర్వర్‌లోకి వెళ్లినప్పుడు తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలో, వెనుకగీతలతో అంకెలో కనిపిస్తే కంగారుపడకండి. ‘న’ స్థానంలో 340, 260, 250 అని వస్తే ఫైలుకు ఏమీ కాలేదు. అవి ఆ అక్షరపు మూడు బైట్లే, సున్నా నుంచి ఏడు వరకు అంకెలు మాత్రమే వాడే అష్టాంశ పద్ధతిలో. ఆ సర్వర్‌లో లొకేల్, అంటే భాషకూ అక్షరాలకూ సంబంధించిన అమరిక, సరిగా లేదని అర్థం. సీ డాట్ యూటీఎఫ్-8 పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటిదాకా మాత్రం ఆ తెరమీద దేన్నీ చెరపకండి, పేరు మార్చకండి.

సర్వర్ మాట వచ్చింది కాబట్టి, మీ సొంత యంత్రంలో ఎంత ముద్దుగా అమర్చుకున్నా, రేపు మీరు పనిచేయవలసిన యంత్రంలో అది ఉంటుందా అన్నది చూసుకోవాలి. మిడ్‌నైట్ కమాండర్, రేంజర్, వీఐఎఫ్‌ఎం, ఎన్‌ఎన్‌ఎన్ డెబియన్ అనే లైనక్స్ రకపు ప్యాకేజీల్లో ఉన్నాయి. ఎల్‌ఎఫ్ ఒకే ఫైలుగా వస్తుంది, తెచ్చి పెట్టుకుంటే చాలు. మిడ్‌నైట్ కమాండర్‌లో ఒక పలకలో మీ యంత్రాన్నీ ఇంకో పలకలో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరపు సర్వర్‌నూ తెరవవచ్చు. జిప్, టార్ మూటల లోపలికి మామూలు ఫోల్డర్‌లోకి వెళ్లినట్టే వెళ్లవచ్చు.

బొమ్మల విషయంలో యాజీ ముందుంది. కిట్టీ వంటి టెర్మినల్ గానీ, సిక్సెల్ అనే బొమ్మలు చూపే పద్ధతి తెలిసిన టెర్మినల్ గానీ ఉంటే స్కాన్ చేసిన పేజీ పక్కనే కనిపిస్తుంది. ఫోల్డర్ చదవడం, ప్రివ్యూ తయారుచేయడం వెనుక జరుగుతుంటాయి కాబట్టి పెద్ద ఫోల్డర్‌లో కూడా కర్సర్ ఆగదు. రేంజర్ అంత పెద్ద ఫోల్డర్లలో కొంత నెమ్మదిస్తుంది. పేజీ పేజీకీ ఫైలు తెరిచి మూయవలసిన నాలాంటివారికి ఇది రోజుకు గంటల తేడా.

నేను ఏది వాడతానని ఇందాక ముందు వరుసలోని అమ్మాయి ఒకరు అడిగారు. సొంత యంత్రంలో ఫైళ్లు కదిలించడానికి వీఐఎఫ్‌ఎం, కారణం ఆ యూ కీ. స్కాన్లు చూసి వేరుచేయడానికి యాజీ. సర్వర్‌లో మిడ్‌నైట్ కమాండర్, అదీ ఎఫ్6 పెట్టె వచ్చిన ప్రతిసారీ పై వరుసను చదివిన తర్వాతే. వీఐ అలవాటు లేని మీరు మిడ్‌నైట్ కమాండర్‌తో మొదలుపెట్టండి. ఒక నెల తర్వాత మీ చెయ్యి దేనికి ఎక్కువ తడబడుతున్నదో గమనించి, ఆ తడబాటును కాచుకునేదానికి మారండి.

ఇప్పుడు ల్యాబ్‌లోకి వెళ్దాం. ప్రతి యంత్రంలోనూ ‘పరీక్ష’ అనే ఫోల్డర్ పెట్టించాను. అందులో తెలుగు పేర్లతో నలభై ఫైళ్లున్నాయి. అన్నీ నకళ్లే, పోయినా నష్టం లేదు. నాలుగు ఫైల్ మేనేజర్లు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో పదిహేడో ఫైలును చెరపండి, మళ్లీ తెచ్చుకునే ప్రయత్నం చేయండి, రానిచోట ఎందుకు రాలేదో రాసుకోండి. తర్వాత వాటిని మీ పెన్‌డ్రైవ్‌కు నకలు తీసి, మెమరీలో మిగిలినదాన్ని డిస్కుకు పంపే సింక్ కమాండు ఇచ్చి, అన్‌మౌంట్ చేసిన తర్వాతే బయటికి తీయండి. నేను వరుసల మధ్య తిరుగుతూ ఉంటాను.